లచ్చమ్మ పెట్టిన తడి

సూర్యాపేట – కోదాడ – మిర్యాలగూడ ప్రాంత
ఔషధ మొక్కల సాగు అభివృద్ధి పథకం
ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
క్యాంపు: సూర్యాపేట.

వేములపల్లి శివారు రైతు, కీర్తిశేషులు జానయ్య గారి కుమారుడు ప్రశాంత్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా అశ్వగంధ చేను పాడైన సంగతిపై తమ కార్యాలయం వారు తయారుచేసిన తనిఖీ నివేదికలో "నష్టమునకు కారణము" అను గడిలో మా తల్లి పేరు వ్రాయబడినందున, అట్టి పేరును తొలగించి, అచ్చట వేరే ఏ కారణమునైనను వ్రాయవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, అర్జీలకు నేను కొత్తవాణ్ణి కాను. మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో అబ్బిన విద్య ఇది. మా ఊళ్ళో పింఛను రాని ముసలమ్మ మొదలు ట్రాన్స్‌ఫార్మరు కాలిన రైతు దాకా ఎవరి మొర అయినా నా చేతి మీదుగానే ఆఫీసులకు వెళుతుంది. రాయడం అయ్యాక ఎవరి అర్జీ వాళ్ళకు చదివి వినిపిస్తాను. వాళ్ళు ఊఁ అన్న తర్వాతే వేలిముద్ర వేయిస్తాను. అది నా పద్ధతి. ఈ ఒక్క అర్జీ మాత్రం ఎవరికీ వినిపించకుండా రాస్తున్నాను. ఇది నా ఇంటి సంగతి. మధ్యలో భాష అదుపు తప్పితే మన్నించవలెను. తప్పుతుందని నాకు ముందే తెలుసు.

నా ఫిర్యాదులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. చేను ఎంపిక గురించి.

మాది సాగర్ ఎడమ కాల్వ కింది భూమి. కాల్వ వచ్చిన నాటి నుంచి ఆ మడుల్లో వరి తప్ప ఇంకో పంట ఎరగము. మందు మొక్కలు పండించాలని మేము కలగనలేదు. తమ కార్యాలయం వారే మా ఊరికి వచ్చి, పంచాయతీ ముందు కుర్చీలు వేయించి, మందుల కంపెనీలు అశ్వగంధ కోసం దేశమంతా గాలిస్తున్నాయని చెప్పి, నా పేరు రాసుకున్నారు. అశ్వగంధ అంటే మా పెద్దలు పెన్నేరు గడ్డ అనేదే. దాని వేరే మందు. ఆ వేరులో గుణం దిగాలంటే నేల బీదగా ఉండాలి, తడి తక్కువగా ఉండాలి. ఇది కూడా తమ వాళ్ళు చెప్పగా విన్నదే, నా సొంత తెలివి కాదు.

మాకు గుట్ట పక్కన ఒక చెలక ఉంది. గులకరాళ్ళ నేల. కాల్వ నీరు అక్కడికి ఎక్కదు. కంది కూడా అందులో మూలుగుతూ ముక్కుతూ పండుతుంది. అశ్వగంధ అక్కడ వేస్తానన్నాను. ఆ రోజు తమరు స్వయంగా కారులో వేంచేశారు. అద్దం కొంచెం దించి, "అక్కడికి కారు పోతుందా?" అని అడిగారు. బండి బాట ఉన్నదన్నాను. అద్దం ఎత్తేశారు. తర్వాత తమ ఫీల్డాఫీసరు శ్రీను గారు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, పెద్ద సార్లు వొస్తరు, ఫొటోలు దిగుతరు. బోర్డు రోడ్డు మీదికి కనవడాలె. గా రోడ్డు పక్క మడిల వెయ్యి, నీకు దండం వెడ్త" అన్నారు.

రోడ్డు పక్క మడి మాకు అన్నం పెట్టే వరి మడి. దాని గట్టును ఆనుకొనే పంటకాల్వ పోతుంది. నీళ్ళు గిట్టని మొక్కను తీసుకొచ్చి నీళ్ళ పక్కన నిలబెట్టించింది తమ బోర్డు. "ఔషధ మొక్కల ఆదర్శ క్షేత్రం" అని పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు. ఈ సంగతి నివేదికలో ఏ గడిలోనూ లేదు.

మా పక్క మడి వీరేశం ఆనాడే గట్టు మీద నిలబడి, "బంగారమసొంటి మడిల కంప వెడ్తున్నవ్. నీకేమన్న సోయి ఉన్నదా?" అన్నాడు. నేను నవ్వాను. చదువుకున్నవాళ్ళ మాట వింటున్నానన్న గర్వం అప్పుడు. ఇప్పుడు వీరేశం ఎదురుపడితే తల దించుకుని పోతున్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

2. కోదాడ శిక్షణ గురించి.

మా ఇంట్లో నీళ్ళు తిప్పే పని మా అమ్మ లచ్చమ్మది. గట్టుకు గండి పెట్టి మడిలోకి నీళ్ళు మళ్ళించే చోటును మేము మడవ అంటాము. నాన్న పోయిన నాటి నుంచి మడవ విప్పడమూ మడవ కట్టడమూ ఆమె చేతిలోనే ఉన్నాయి. నేను మిల్లులో బస్తాల లెక్క రాసుకుంటున్నన్నాళ్ళూ మా సేద్యం నడిపింది ఆమే. పాదం మోపితే చాలు, ఏ మడికి తడి కావాలో చెప్తుంది. భూమి మాత్రం నా పేరు మీద ఉంది. నాన్న పోయాక ఆఫీసులో, "మగపిల్లగాడు ఉన్నడు గద" అని నా పేరే ఎక్కించారు.

శిక్షణ ఉందని కబురు రాగానే మా అమ్మ, "కొత్త పంటంటున్నరు. దాని గుణమేందో నేను గూడ ఇంట" అని పెట్టెలోని చీర తీసి కట్టుకుని నాతో బయలుదేరింది. కోదాడలో ఫంక్షన్ హాలు తలుపు దగ్గర బల్ల వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. నా పాస్‌బుక్కు చూసి పేరు కొట్టుకున్నాడు. మా అమ్మను చూసి, "పాస్‌బుక్కుకి ఒక్కరేనండీ. ప్లేట్లు లెక్క కట్టి తెప్పించాం" అన్నాడు.

ఆమెకు అన్నం వద్దు, కూర్చుని వింటే చాలన్నాను.

"అలా కుదరదండీ. కుర్చీలు కూడా లెక్కేగా. రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు."

నేను ఇంకేదో అనబోయాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, "లొల్లి ఎందుకు బిడ్డా. నువ్ వో. నేను గీడ నీడకు కూసుంట" అని తలుపు పక్కనే, అందరూ విడిచిన చెప్పుల దగ్గర కూర్చుంది. లోపల వెనక వరుసలన్నీ ఖాళీ. ఆ ఖాళీ కుర్చీల పక్కనే కూర్చుని నేను శిక్షణ పొందాను.

శిక్షణ బాగా జరిగింది. అబద్ధం చెప్పను. వచ్చిన శాస్త్రవేత్త మంచివాడు, తెలుగులోనే చెప్పాడు. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన చూపించాడు. ఒకటి పచ్చటి మొక్క, కింద దారప్పోగుల్లాంటి వేర్లు. రెండోది ఆకులు పండి రాలిపోతున్న మొక్క, ఎర్రటి కాయలు, కింద బొటనవేలంత వేరు. "ఆకు ఎండితే మొక్క చస్తున్నదని కంగారు పడకండి. మందంతా వేరులోకి దిగుతున్నదని గుర్తు. అప్పుడు చుక్క నీరు కూడా తగలనివ్వొద్దు" అన్నాడు. ఆ రెండు బొమ్మలు చూసినవాడు జన్మలో మరిచిపోడు.

మా అమ్మ చూడలేదు. చెప్పులు చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల్లో పెట్టిన లడ్డును నేను రుమాలులో కట్టి తెచ్చి ఇస్తే, బస్సులో సగం తిని సగం నాకే పెట్టింది. ఏం చెప్పారని అడిగింది. దీనికి నీళ్ళు ఎక్కువ పడవట అన్నాను. ఎండినా భయపడొద్దన్న ముక్క చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. చెప్పినా, మాట వేరు, కంటితో చూడడం వేరు.

3. క్షేత్ర సందర్శనల గురించి.

నివేదికలో "పలుమార్లు క్షేత్రమును సందర్శించి తగు సూచనలు ఇవ్వడమైనది" అని ఉన్నది. శ్రీను గారు బోర్డు పాతిన రోజు వచ్చారు. మళ్ళీ పంట పోయిన రోజు వచ్చారు. నడుమ వచ్చినవి ఫోన్లు. "అన్నా, జర చేను ఫొటో వెట్టు. ఎండిన ఆకులు పడకుంట తియ్యి" అనేవారు. నేను తీసి వాట్సాప్‌లో పెట్టేవాణ్ణి. ఆ ఫొటోలే సందర్శనలయ్యాయని తర్వాత తెలిసింది. శ్రీను గారి మీద నాకు పగ లేదు. ఆయనది కాంట్రాక్టు కొలువు, పెద్దవూర నుంచి కోదాడ దాకా ఆయన ఒక్కడే, బండి పెట్రోలు ఆయనదే. కానీ రాని మనిషి వచ్చినట్టు రాయగల కలం తమ కార్యాలయంలో ఉన్నదన్న సంగతి మాత్రం తమరు గుర్తుంచుకోవలెను. దానితో కింద నాకు పని ఉంది.

4. సూర్యాపేట సన్మానం గురించి.

ఇన్ని అవకతవకల మధ్య కూడా పంట వచ్చింది. బోర్డు పక్క మడి అయినా, కాల్వ బందు ఉన్నన్నాళ్ళు నేల ఆరి ఉంది. ఆకులు పండాయి, కాయలు ఎర్రబడ్డాయి. అచ్చం తెర మీది రెండో బొమ్మలాగా. మందుల కంపెనీ మనిషి వచ్చి వేరు చూసి ఒప్పుకుంటే తవ్వడమే. అప్పుడు వచ్చింది తమ పిలుపు. నన్ను ఆదర్శ రైతుగా సూర్యాపేటలో సన్మానిస్తారట.

సరిగ్గా ఆ రోజే మా కాల్వకు యాసంగి వంతు నీళ్ళు వదులుతున్నారు. గట్టు దగ్గర నేనుండాలి, రాలేనని చెప్పాను. శ్రీను గారు ఫోనులో ఏడ్చినంత పని చేశారు. "నువ్ రాకుంటె నా నౌకరి ఖతమైతదన్నా. పొద్దుగాల వొచ్చి పగటాల్లకు వోదువు." పోయాను. ముఖ్య అతిథి గారు పొద్దు వాలేటప్పుడు వచ్చారు. అంతదాకా మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, లేస్తే కుర్చీ పోతుందన్నారు. చివరికి నా మెడలో దండ వేశారు, భుజాన శాలువా కప్పారు, రైతే శాస్త్రవేత్త కావాలని ప్రసంగించారు.

అదే పొద్దున మా ఊళ్ళో పంటకాల్వ నిండింది.

ఇక్కడ తమరికి మా దగ్గరి ఆచారం ఒకటి చెప్పాలి. కాల్వ నీళ్ళు పారుతుంటే పక్కన ఎండిన మడిని చూసి ఊరుకోవడం మాలో పాపం కింద లెక్క. ఆ మడి ఎవరిదైనా సరే. పగవాడిదైనా, వాడు ఊళ్ళో లేకపోతే, మడవ విప్పి ఒక తడి ఇచ్చి పోతాము. అడిగే పని లేదు. వాడు తిరిగొచ్చి దండం పెడతాడు. మరి కొడుకు చేను ఎండుతుంటే తల్లి ఏం చేయాలి? పండిన ఆకులను చూసింది. పక్కన గలగలా పోతున్న నీళ్ళను చూసింది. పార తెచ్చి మడవ విప్పింది.

నేను బస్సు దిగేసరికి ఆమె తమ బోర్డు కిందే నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. మొహం వెలిగిపోతున్నది. "వొచ్చినవా బిడ్డా. ఆఫీసోళ్ళ ఎంబడి తిరిగి తిరిగి చేను మర్చిపోతివి. సచ్చేదాన్ని నేను వట్టుకొచ్చిన. నీ మందు చెట్లకు పానం వోసిన సూడు" అన్నది.

మడి చెరువులా ఉంది. ఆమె భుజం మీది పార తీసుకున్నాను. తడిసిపోయి వణుకుతున్నదని తమరు కప్పిన శాలువా ఆమెకు కప్పాను. "గిదెవలు వెట్టిన్రు, మంచిగున్నది" అన్నది.

5. నివేదిక గురించి.

గట్లు తెంపి నీళ్ళు బయటికి తోలాను. కానీ అది వరి మడి. తాగిన నీటిని అది వదలదు. నాలుగు రోజులకు చేను మళ్ళీ పచ్చబడింది. ఎండిన కొమ్మలకు చిగుళ్ళు వచ్చాయి. మా అమ్మ దారిన పోయేవాళ్ళనందరినీ పిలిచి చూపించింది. నేను ఇంట్లో కూర్చుని ఆమె గొంతు వింటూ ఉండేవాణ్ణి. చెప్పాలంటే ఎట్లా చెప్పాలి? నా భార్య నవనీత, "ఎవ్వలు జెప్పకున్రి. అత్తమ్మ తట్టుకోదు" అన్నది. చెప్పకుండానే దాటేద్దామనుకున్నాము. కంపెనీ మనిషికి కూడా రావద్దని చెప్దామనుకున్నాము. ఆయన ఊరు దాటి చేను దగ్గరికి వచ్చేశాడు, తమ శ్రీను గారితో సహా.

ఒక మొక్క పెకిలించాడు. విరిస్తే పుటుక్కుమనవలసిన వేరు తడి తాడులా వంగింది. తోలు చేతికి ఊడి వచ్చింది. వాసన చూసి కింద పడేశాడు. "ఇది మందుకు పనికిరాదు. ఎవరు పెట్టారు నీళ్ళు?" అన్నాడు.

మా అమ్మ వాళ్ళ కోసం చెంబులో మజ్జిగ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. "నేనే సారూ. నేను జూడకుంటె మొత్తం ఎండిపోతుండె" అన్నది. మెచ్చుకుంటారనుకుంది.

శ్రీను గారు బండి సీటు మీద కాగితం పెట్టి రాశారు. రాసింది రైతుకు చదివి వినిపించాలని నిబంధన ఉన్నదట. ఇన్ని నిబంధనల్లో ఆ ఒక్కటి ఆనాడు అమలయింది. చదివారు: "నష్టమునకు కారణము: రైతు తల్లి లచ్చమ్మ యొక్క అజ్ఞానము మరియు అవగాహనా లోపము."

తన పేరు వినపడి ఆమె నన్ను అడిగింది. "అజ్ఞానమంటే ఏంది బిడ్డా?"

"ఏం లేదవ్వా. పెద్ద వయసని రాసిన్రు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. తర్వాత కింద పడి ఉన్న వేరును చూసింది. వంగి దాన్ని తీసి చేత్తో నొక్కింది. జీవితమంతా వేళ్ళతో నేలను చదివిన మనిషి, అయ్యా. ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పే అవసరం లేకపోయింది. మజ్జిగ చెంబు గట్టు మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

6. తదుపరి పరిస్థితి గురించి.

ఆ రోజు నుంచి ఆమె పార ముట్టలేదు. కాల్వలో నీళ్ళొచ్చిన చప్పుడు వినపడితే లోపలి గదిలోకి పోతుంది. మిగతా వరి మడికి మొన్న తడి పెట్టాల్సి వస్తే, నవనీతను, "వెట్టమంటవా, వొద్దంటవా?" అని అడిగింది. అత్త అడిగిన తీరుకు నవనీత పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. పెరట్లో చిక్కుడు పాదు వాడిపోతున్నది. చెంబు పట్టుకుని దాని ముందు నిలబడి నన్ను పిలుస్తుంది. "దీనికి పొయ్యాల్నా, పొయ్యొద్దా?" ఇంటి ముందు తులసికి పోయడం కూడా మానేసింది. ఎందుకంటే, "గిది గూడ మందు చెట్టే గద బిడ్డా" అన్నది.

కంచంలో అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేస్తున్నది. మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు నీరసం అని చెప్పి ఏవో గోళీలు రాశాడు. ఆమె వాటిని చేతిలో తిప్పి చూసి, "గివి గూడ గసొంటి చెట్ల తోనే జేస్తరా?" అని అడిగింది. డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అయ్యా, మా వరి ఎన్నోసార్లు పోయింది. దోమపోటుకు పోయింది, వడగళ్ళకు పోయింది, కాల్వ రాక పోయింది. పోయిన ప్రతిసారీ ఆమె కొంగు బిగించి మళ్ళీ నారు పోసింది. పంట పోయినందుకు ఆమె పడిపోలేదు. ఆ రెండు మాటలకు పడిపోయింది.

7. నేను నష్టపరిహారం అడగడం లేదు. ఈ మాట అండర్‌లైన్ చేసుకోవలెను.

పై కారణములచేత తమరిని కోరునది ఏమనగా:

(అ) ఇకముందు మందు మొక్కలు పెట్టించేటప్పుడు, కాల్వ ఎక్కని చెలకలు చూసి పెట్టించవలెను. కారు పోకపోతే నడవవలెను. మొక్క రోడ్డుకు కనబడనక్కరలేదు, దాని వేరు ఎటూ భూమి లోపలే ఉంటుంది.

(ఆ) శిక్షణకు పాస్‌బుక్కును కాక, చేనులో దిగే మనిషిని పిలవవలెను.

(ఇ) ఇదే ముఖ్యం. నివేదికలోని ఆ గడిలో మా అమ్మ పేరు కొట్టేసి వేరే కారణం రాయవలెను. విత్తనం చెడ్డదని రాయండి. వేరు పురుగు పట్టిందని రాయండి. ఎలుకలు కొరికాయని రాయండి. ఎలుకలైతే మేలు, అవి అర్జీ పెట్టుకోవు. నా పేరు రాసినా నాకు అభ్యంతరం లేదు. రాని మనిషి పలుమార్లు వచ్చాడని రాసిన కలానికి, లేని ఎలుకలు చేలో పడ్డాయని రాయడం ఎంత పని? రాసిన తర్వాత తమరు ఒక్కసారి మా ఇంటికి వచ్చి, అప్పుడు చదివినట్టే గట్టిగా, ఆమె ముందు చదవాలి. మా ఇంటి దాకా కారు వస్తుంది. తమ నోటి నుంచి వస్తే ఆమె నమ్ముతుంది. ఆమెకు ఇప్పటికీ ఆఫీసు మాటంటే నమ్మకం.

ఇంతకాలం తమ కార్యాలయం తన తప్పు ఒప్పుకున్నది నేను ఎరగను. ఇప్పుడు కూడా ఒప్పుకోమనడం లేదు. ఒక ముసలిదాని మీద రాసిన నిజాన్ని అబద్ధం చేయమంటున్నాను. అది తమకు కొత్త కాదు.

ఇందలి సంగతులన్నియు తమరు తీరిక చేసుకొని చిత్తగించవలెను. అంత తీరిక లేనిచో ఆ ఒక్క గడి దిద్దిన చాలును.

ఇట్లు,
తమ విధేయుడు (పద్ధతి కొద్దీ రాసిన మాట),
ప్రశాంత్,
వేములపల్లి శివారు.

జతపరచినవి: నివేదిక నకలు ఒకటి. సన్మానపు శాలువాను కూడా వెనక్కి పంపుదామనుకున్నాను గాని మా అమ్మ కప్పుకుని పడుకున్నది.

తా.క.: కవరు అంటించబోతుండగా మా అమ్మ లేచి వచ్చింది. "ఎవలిది బిడ్డా అర్జీ?" అని అడిగింది. మనదే అన్నాను. "మరి సదువు. అందరియి సదివి ఇనిపిస్తవు గద" అన్నది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. నా పద్ధతే నాకు అడ్డం వచ్చింది. మొత్తం చదివాను, "అజ్ఞానము" అన్న మాటతో సహా.

ఆమె గోడకు ఆనుకుని విన్నది. లడ్డు దగ్గర కొంచెం నవ్వింది. ఎలుకల దగ్గర ఆపమన్నది.

"ఎలుకలు పాపం ఏం జేసినయిరా? నీళ్ళు వెట్టింది నేను. సార్ల తోని అబద్ధం రాయించి నన్ను బతికిస్తవా?"

నేను కవరు పక్కన పెట్టాను.

"నాకు తెల్వకనే వెట్టిన. గది అబద్ధమా ఏంది? గా మాట గట్లనే ఉండనియ్యి. దాని కింద ఇంకో ముక్క రాయుమను. తెలుసుకుందామని కోదాడ దాంక వొస్తె, దర్వాజ కాడ చెప్పులకు కావలి కూసోవెట్టిన్రని రాయుమను. రెండు గూడ ఉండాలె. ఒక్కటే ఉంటె అది నాయం గాదు."

కాబట్టి పై (ఇ) కోరికను నేను వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మ పేరు అక్కడే ఉండనివ్వండి. ఆమె చెప్పిన ముక్కను ఆమె చెప్పినట్టే దాని కింద రాయించవలెను. ఈ తాజా కలానికి ఆమె తన వేలిముద్ర తానే అడిగి వేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఇంకో సంగతి కూడా చెప్పింది. గట్టు మీద తడి అందని మొక్కలు కొన్ని మిగిలాయట. వాటి ఎర్రకాయలు తెంపి, ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టి దాచిందట. అది నాకు తెలియదు, నవనీతకూ తెలియదు. "వొచ్చే కాలం గుట్ట కాడ చెలకల ఏద్దాం. మల్ల మీటింగు ఎప్పుడో సార్లను అడుగు. ఈ పారి నేను లోపట కూసుంట. గా బొమ్మలు సూడాలె" అన్నది. అని, చిక్కుడు పాదుకు ఎవరినీ అడగకుండా చెంబెడు నీళ్ళు పోసింది.

అయ్యా, ఆమె పేరు మీద పాస్‌బుక్కు లేదు. ఈసారి శిక్షణ ఎప్పుడో, ఆ తలుపు దగ్గర బల్ల వేసుకుని ఎవరు కూర్చుంటారో, ముందుగా తెలియజేయగలరు. కుర్చీ అక్కరలేదు, కింద కూర్చుంటుంది. సద్దిగిన్నె ఇంటి నుంచే తెచ్చుకుంటుంది.